మిగతా 98 రూపాయల సంగతి



2013 నాటి కంపెనీల చట్టంలో 135వ సెక్షన్ అని ఒకటుంది. నికర విలువ 500 కోట్లున్నా, ఏడాది టర్నోవర్ 1,000 కోట్లున్నా, నికర లాభం 5 కోట్లున్నా, ఆ కంపెనీ గడిచిన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. 2014 ఏప్రిల్ 1 నుంచి ఇది అమల్లో ఉంది. ఆ డబ్బుతో బళ్లలో మరుగుదొడ్లు వచ్చాయి, ఊళ్లలో మంచినీటి ప్లాంట్లు వచ్చాయి. వాటిని నేను తక్కువ చేసి మాట్లాడను. బిందె పట్టుకుని రెండు కిలోమీటర్లు నడిచే ఆడమనిషికి ఊళ్లో కుళాయి పడితే అది ఎంత పెద్ద సంగతో ఆమెకు తెలుసు.

అయితే సామాజిక బాధ్యత అనగానే మన మాట ఆ 2 శాతం దగ్గరే ఆగిపోతోంది. లాభంగా వచ్చిన 100 రూపాయల్లో 2 రూపాయలు ఎక్కడ పెట్టారన్నది చూస్తున్నాం. ఆ 100 రూపాయలు ఏం అమ్మితే వచ్చాయి, ఎవరి చేతుల కష్టం మీద వచ్చాయి, కొన్నవాళ్ల బతుకులో ఏం మారింది, ఇవి అడగడం లేదు. ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది మిగతా 98 రూపాయల గురించి. అసలు వ్యాపారమే ఒక కష్టాన్ని తీర్చే పని అయితే ఎలా ఉంటుందన్నది కొన్ని నిజమైన ఉదాహరణలతో చెబుతాను.

మొదటిది మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రి. దాన్ని స్థాపించిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి ప్రభుత్వ వైద్యుడు. యవ్వనంలోనే కీళ్లవాతం వచ్చి చేతివేళ్లు వంకర్లు తిరిగాయి. ఆ వేళ్లతోనే కత్తి పట్టుకోవడం మళ్లీ నేర్చుకుని, ఒక జీవితకాలంలో లక్షకు పైగా కంటి ఆపరేషన్లు చేశారు. 1976లో ఉద్యోగ విరమణ చేశాక, ఇల్లు తాకట్టు పెట్టి, 11 పడకలతో ఆసుపత్రి మొదలుపెట్టారు. చెల్లెలు, బావమరిది, దగ్గర బంధువులే తొలి వైద్య సిబ్బంది.

ఆయన ముందున్న చిక్కు ఇది. శుక్లాల వల్ల చూపు పోయినవాళ్లు లక్షల్లో ఉన్నారు. ఆపరేషన్ చేస్తే చూపు వస్తుంది. కానీ వాళ్ల దగ్గర డబ్బు లేదు. విరాళాల మీద నడిపితే, విరాళం ఆగిన రోజు ఆపరేషన్ ఆగిపోతుంది. అందుకని డబ్బు కట్టగలిగినవాళ్లు కట్టే ఫీజుతోనే కట్టలేనివాళ్లకూ ఆపరేషన్ జరిగేలా లెక్క వేశారు. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఉచిత విభాగానికి వెళ్లాలంటే రేషన్ కార్డు చూపించనక్కర్లేదు, ఆదాయ ధ్రువపత్రం కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగనక్కర్లేదు. డబ్బు కట్టే విభాగమో, ఉచిత విభాగమో రోగే నిర్ణయించుకుంటాడు. గదిలో తేడా ఉంటుంది. ఒకచోట మంచం, మరోచోట చాప. డాక్టర్లు మాత్రం రెండుచోట్లా వంతులవారీగా వాళ్లే చేస్తారు.

ఈ లెక్క నిలబడాలంటే ఒక్కో ఆపరేషన్‌కు అయ్యే ఖర్చు బాగా తగ్గాలి. నాణ్యత తగ్గకూడదు. ఆ ఆపరేషన్ గది ఎలా నడుస్తుందో చూడండి. పక్కపక్కన రెండు బల్లలు. ఒక బల్ల మీద డాక్టరు పని చేస్తుండగానే రెండో బల్ల మీద తర్వాతి రోగిని పడుకోబెట్టి, కన్ను శుభ్రం చేసి, మత్తు పని చేసిందో లేదో చూసి సిద్ధంగా ఉంచుతారు. మొదటి కన్ను పూర్తవగానే డాక్టరు మైక్రోస్కోపును పక్కకు తిప్పుకుంటే చాలు, రెండో కన్ను ఎదురుగా ఉంటుంది. డాక్టరు సమయంలో ఒక్క నిమిషం వృథా కాదు. అందుకే అక్కడ ఒక సర్జన్ ఏడాదికి 2,000కు పైగా ఆపరేషన్లు చేయగలుగుతారు. ఫలితాల్ని బ్రిటన్ ఆసుపత్రుల లెక్కలతో పోల్చి చూసినప్పుడు కూడా ఇవి తీసిపోలేదు. ఒకే పని వేలసార్లు చేసిన చేతికి వచ్చే నేర్పు అది.

రోగికి ధైర్యం చెప్పడం, కన్ను పరీక్షించడం, లెన్సు పవరు కొలవడం, ఆపరేషన్‌కు సిద్ధం చేయడం, ఇవన్నీ చేసేది పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు. ఇంటర్ చదివాక రెండేళ్ల శిక్షణ ఇచ్చి పనిలోకి తీసుకుంటారు. డాక్టర్ల పేర్లు పత్రికల్లో వస్తాయి గానీ, ఆ అమ్మాయిలు లేకపోతే ఆ రెండు బల్లల ఏర్పాటు ఒక్క పూట కూడా నడవదు. ఏ చవక వస్తువును చూసినా, ఏ చవక సేవను చూసినా ఇది ఎవరి కష్టం మీద చవకైందని అడగడం నాకు అలవాటు. ఇక్కడ ఆ పిల్లలకు చేతికి ఒక విద్య వచ్చింది, పదిమందిలో ఒక గౌరవం వచ్చింది. అలాగని వాళ్ల జీతం, పని గంటలు, వాళ్ల ముందు ముందు బతుకు గురించిన ప్రశ్న ఎప్పటికీ తీరిపోదు. మంచి పని చేసే సంస్థను ఆ ప్రశ్న ఇంకా గట్టిగా అడగాలి.

ఇప్పుడు నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునే సంగతికి వస్తాను.

ఆపరేషన్ ఉచితం అన్నారు. క్యాంపు పెట్టి మైకులో చెప్పారు. కన్ను చూసి, శుక్లం ముదిరింది, ఆపరేషన్‌కు రా పెద్దాయనా అన్నారు. అయినా చాలామంది రాలేదు. ఎందుకు రాలేదు? జనానికి తెలివి లేదు, చైతన్యం లేదు అని తేల్చేయడం చాలా తేలిక. అరవింద్ వాళ్లు అలా తేల్చేయలేదు. పరిశోధకులతో కలిసి ఇళ్లకు వెళ్లి అడిగారు. బస్సు చార్జీ లేదన్నారు. పట్నంలో ఉన్నన్నాళ్లు తిండి ఎలా అన్నారు. తోడు ఎవరొస్తారు, వస్తే కొడుకు కూలి పోతుంది కదా అన్నారు. కత్తి అంటే భయం అన్నారు. ఇంకా కాస్త కనిపిస్తోందిగా, ఇట్లాగే వెళ్లిపోతుందిలే అన్నారు.

ఈ చివరి మాట మన ఇళ్లలో వినపడనిదా? అరుగు మీద కూర్చున్న తాతయ్య, మనవడు దగ్గరికొస్తే గొంతు బట్టి గుర్తుపడుతూ, నాకేం బాగానే ఉంది అంటాడు. తన కోసం ఇంట్లోవాళ్లు ఖర్చు పెట్టుకోవడం ఇష్టంలేక అనే మాట అది. ఉచితం అన్న బోర్డు ఒక్కటే ఆయన్ని అరుగు మీద నుంచి లేపలేదు. అందుకని క్యాంపు నుంచే ఆసుపత్రి బస్సులో తీసుకెళ్లడం, భోజనం పెట్టడం, ఆపరేషన్ అయ్యాక మళ్లీ ఊరి దగ్గర దింపడం మొదలుపెట్టారు. వచ్చేవాళ్ల సంఖ్య పెరిగింది. ఒకే ఊరివాళ్లు ఒకే బస్సులో వెళ్తుంటే తోడు కోసం వెతుక్కునే బాధ తగ్గింది, భయమూ తగ్గింది.

అక్కడితో తృప్తి పడి ఉంటే నేను ఇంతసేపు చెప్పేవాణ్ణి కాదు. ఏళ్ల తరబడి వేల క్యాంపులు నడిపాక మళ్లీ లెక్క చూశారు. 1999లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం, క్యాంపులు జరిగిన పల్లెల్లో కంటి సమస్య ఉన్నవాళ్లలో క్యాంపుకు వచ్చింది నూటికి ఏడుగురే. అంత పేరున్న సంస్థకు అది మింగుడుపడని అంకె. దాన్ని దాచిపెట్టలేదు. క్యాంపు ఏడాదికో, ఆర్నెల్లకో వస్తుంది. ఆ రోజు పొలం పని ఉంటే పోయినట్టే. అందుకని చిన్న చిన్న ఊళ్లలో శాశ్వతంగా విజన్ సెంటర్లు తెరిచారు. ఒకటి రెండు గదులు, శిక్షణ పొందిన ఒక అమ్మాయి, కన్ను చూసే యంత్రం, కంప్యూటరు. పెద్దాసుపత్రిలో కూర్చున్న డాక్టరు వీడియోలో రోగితో మాట్లాడతారు. కళ్లద్దాలు అక్కడే ఇస్తారు. నామమాత్రపు ఫీజు. అద్దాలతో పోయే ఇబ్బందికి పట్నం దాకా వెళ్లాల్సిన పని లేకుండా పోయింది.

ఇక లెన్సు సంగతి. పాత రోజుల్లో శుక్లం తీసేశాక కంట్లో ఏమీ పెట్టేవాళ్లు కాదు. పెద్దవాళ్లకు సోడాబుడ్డి కళ్లద్దాలు ఇచ్చేవాళ్లు. అవి పెట్టుకుంటే మెట్టు ఎక్కడుందో అందేది కాదు. కిందపడి పగిలితే మళ్లీ చీకటే. కంట్లోనే అమర్చే లెన్సు వచ్చాక ఆ బాధ పోయింది గానీ, విదేశాల నుంచి వచ్చే ఆ లెన్సు ధర వంద డాలర్ల ప్రాంతంలో ఉండేది. డబ్బున్నవాళ్లకు లెన్సు, లేనివాళ్లకు సోడాబుడ్డి. 1992లో అరవింద్ వాళ్లు ఆరోల్యాబ్ అనే సంస్థ పెట్టి ఆ లెన్సును మదురైలోనే తయారు చేశారు. ధర పది డాలర్లకు దిగింది, తర్వాత ఇంకా దిగింది. ఆ లెన్సు ఇప్పుడు వందకు పైగా దేశాలకు వెళ్తోంది.

ఇందులో వ్యాపారం చేసేవాళ్లు పట్టుకోవలసిన వరస ఒకటుంది. మామూలుగా ముందు వస్తువు చేస్తాం, ఖర్చు లెక్కేస్తాం, దాని మీద లాభం వేసి ధర కడతాం. ఇక్కడ ముందు ఆ పల్లెటూరి మనిషికి అందాల్సిన ధర పెట్టుకున్నారు. ఆ ధరలో చేయాలంటే ఏం మార్చాలి అని వెనక్కి లెక్కేసుకుంటూ వచ్చారు. గది మారింది, బల్లలు మారాయి, పనిచేసేవాళ్ల శిక్షణ మారింది, చివరికి ఫ్యాక్టరీయే వచ్చింది.

మన దగ్గరికి వద్దాం. ఇప్పటి యాదాద్రి భువనగిరి జిల్లా ఆలేరు దగ్గర శారాజీపేట. చేనేత ఊరు. పోచంపల్లి పట్టుచీర మీద ఆ డిజైను రావాలంటే నేయడానికి ముందే దారాన్ని అక్కడక్కడ బిగించి చిటికి కట్టి రంగులద్దాలి. దానికీ ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో నిలిపిన మేకుల ముందు కూర్చుని, నడిమి మేకు నుంచి అంచు మేకుకు, అంచు నుంచి మళ్లీ నడిమికి, వెంట్రుకంత సన్నని పట్టుదారాన్ని తెగకుండా, వరస తప్పకుండా తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు. ఇది ఎక్కువగా ఆడవాళ్లు చేసే పని. సాయంత్రానికి భుజం ఎత్తితే ప్రాణం పోతుంది. వంట చేయాలన్నా, జడ వేసుకోవాలన్నా ఆ చెయ్యే కదా.

చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి ఆ పని చేస్తూ పడే నొప్పి చూస్తూ పెరిగారు. బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. ఆ పని చేసే యంత్రం కట్టాలని 1992లో మొదలుపెట్టారు. ఇంజనీరింగ్ తెలియదు, డబ్బు లేదు. మగ్గం మీద సంపాదించింది యంత్రంలో పోస్తుంటే ఊళ్లో నవ్వారు. హైదరాబాద్ వెళ్లి పనులు చేసుకుంటూ, వచ్చిన డబ్బుతో ఒక్కో భాగం చేయించుకున్నారు. దారాన్ని మేకు చుట్టూ తిప్పే కదలిక ఒక్కటీ కుదరలేదు. బాలానగర్‌లో ఒక యంత్రం తిరిగే తీరు చూసినప్పుడు దానికి దారి దొరికింది. 1999లో యంత్రం పూర్తయింది. దానికి తల్లి పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రం అన్నారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. చెయ్యి ఆడించక్కర్లేదు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన కథ సినిమాగా కూడా వచ్చింది కాబట్టి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది.

సినిమాకు తల్లీకొడుకుల కథ ముఖ్యం. నేను ఆ యంత్రం అమ్మకం గురించి ఒక మాట చెప్పాలి. ఆసు పోసే ఇళ్లు ఎన్ని ఉంటాయి? పోచంపల్లి చుట్టూ కొన్ని ఊళ్లలోనే ఈ పని ఉంది. అందరికీ ఒక్కో యంత్రం అమ్మినా అక్కడితో సరి. పెట్టుబడి పెట్టేవాడు ఎవడైనా మార్కెట్ చాలా చిన్నదని మొదటి నిమిషంలోనే లేచి వెళ్లిపోతాడు. జాతీయ ఆవిష్కరణల ఫౌండేషన్, పల్లె సృజన లాంటి సంస్థలు గుర్తించి చేయూతనివ్వడం వల్ల ఇలాంటివి బయటికొచ్చాయి. వ్యాపారం అన్నాక దేశమంతా పాకాలి, ఏటా రెట్టింపు కావాలి అన్న పట్టింపు మనకు ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, దానివల్ల కొన్ని వేలమందికి మాత్రమే ఉన్న బాధలు ఎవరి లెక్కలోకీ రాకుండా పోతున్నాయి. కొన్ని వేల భుజాల నొప్పి తీర్చి, కట్టినవాడి కుటుంబం గౌరవంగా బతికితే అది పూర్తిస్థాయి వ్యాపారమే. దాన్ని చిన్నదనడం నాకు సమ్మతం కాదు.

పెరగడం గురించి మాట వచ్చింది కాబట్టి, 2010 నాటి సంగతి చెప్పక తప్పదు. మన తెలుగు నేల మీదే జరిగింది. పేద ఆడవాళ్లకు బ్యాంకు అప్పు దొరకదు, వడ్డీ వ్యాపారి నూటికి ఐదు, పది రూపాయల వడ్డీ లాగుతాడు. ఇది నిజమైన సమస్య. సూక్ష్మరుణ సంస్థలు దానికి నిజమైన పరిష్కారంగానే మొదలయ్యాయి. బ్యాంకు తలుపు తట్టలేని మనిషి ఇంటికే వచ్చి, పూచీకత్తు లేకుండా అప్పిచ్చారు. తర్వాత వాటిలో కొన్ని లాభం కోసం నడిచే కంపెనీలయ్యాయి, బయటి పెట్టుబడి వచ్చింది. 2010 ఆగస్టులో హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ షేర్లు మార్కెట్‌లోకి వస్తే జనం ఎగబడి కొన్నారు. అదే ఏడాది అక్టోబర్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ రంగం మొత్తానికి పగ్గాలు వేస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది. వాయిదాల వసూలు కూలిపోయింది.

ఆ ఆర్డినెన్స్‌కు ముందు పల్లెల్లో జరిగింది ఏమిటంటే, ఒకే ఆడమనిషికి మూడు నాలుగు సంస్థలు పోటీపడి అప్పులిచ్చాయి. ఒకరి వాయిదా కట్టడానికి ఇంకొకరి దగ్గర తీసుకోవాల్సి వచ్చింది. వారం వారం వాయిదా. గుంపులో ఒకామె కట్టలేకపోతే మిగతావాళ్లు ఆమె ఇంటి ముందు కూర్చోవాలి. అప్పుల ఒత్తిడికి తట్టుకోలేక ఆత్మహత్యలన్న వార్తలు వరసగా వచ్చాయి. ఒక్క సంస్థ మీద వేలు పెట్టి చూపించడం నా ఉద్దేశం కాదు. ఆ రంగమంతా ఎన్ని కోట్ల అప్పులిచ్చామో, ఎన్ని లక్షలమందికి ఇచ్చామో లెక్కపెట్టింది. ఆ అప్పుతో కొన్న గేదె పాలిచ్చిందా, ఆ కుటుంబం వడ్డీ వ్యాపారి గడప దిగిందా అన్నది లెక్కపెట్టలేదు. ఏది లెక్కపెడితే పనిచేసే కుర్రాడు దాని వెంటే పరిగెత్తుతాడు, ఎందుకంటే వాడి జీతం, వాడి ఇన్సెంటివ్ దాని మీదే ఉంటాయి.

అదే నేల మీద ఇంకోరకంగా కూడా జరిగింది. పాత కరీంనగర్ జిల్లా ముల్కనూరులో 1956 నుంచి రైతుల సహకార బ్యాంకు నడుస్తోంది. 2002లో అక్కడి ఆడవాళ్లు స్వకృషి పేరుతో సొంత డెయిరీ మొదలుపెట్టారు. పాలు పోసేవాళ్లే సభ్యులు, సభ్యులే యజమానులు. మిగులు తిరిగి పాలు పోసినవాళ్లకే బోనస్‌గా వెళ్తుంది. ఇక్కడ సంస్థ పెరిగితే ఆ పెరుగుదల ఎవరిదన్న ప్రశ్నే రాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం రావడం వల్ల ప్రభుత్వ పెత్తనం లేకుండా ఇలాంటివి నిలబడగలిగాయి. పాల ప్యాకెట్ మీద ఉన్న పేరు వెనక యజమాని ఎవరో చూడటం మనం అలవాటు చేసుకుంటే బాగుంటుంది.

నా దగ్గరికి అప్పుడప్పుడు ఇంజనీరింగ్ చదివిన పిల్లలు వస్తుంటారు. స్టార్టప్ పెడుతున్నాం సార్, పల్లెలకు ఉపయోగపడేది, అంటారు. వాళ్ల ఉత్సాహం చూస్తే నాకు సంతోషం. వాళ్లకు నేను చెప్పే పని ఒకటే. యాప్ సంగతి కొన్నాళ్లు పక్కన పెట్టి, ఆ కష్టం ఉన్నచోటికి వెళ్లి కూర్చోండి అంటాను. ఉదాహరణకు జనవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు, పల్నాడు, ఖమ్మం మిరప చేలల్లో కోత నడుస్తుంది. కాయ తెంపే ఆడవాళ్ల చేతులు మండిపోతాయి. రాత్రి కూడా ఆ మంట తగ్గదు. ఆ చేత్తో పసిబిడ్డను ఎత్తుకోవాలంటే భయం.

గ్లవ్స్ ఇస్తే సరిపోతుంది కదా సార్ అంటారు పిల్లలు. వెళ్లి చూస్తే తెలుస్తుంది. చాలాచోట్ల కూలి కిలో లెక్కన. గ్లవ్స్ వేసుకుంటే తొడిమ వేలికి తగలదు, చెయ్యి నెమ్మదిస్తుంది, ఆ రోజు కూలి తగ్గుతుంది. ఎండకు లోపల చెమట పడుతుంది. వాటిని గంటలో తీసి గట్టు మీద పడేస్తారు. కాబట్టి చేసేది ఏదైనా సరే వేలికి కాయ తెలియాలి, వేగం తగ్గకూడదు, చెమట పట్టకూడదు, ధర ఒక పూట కూలి దాటకూడదు. అది ఎవరు కొనాలి, కూలి మనిషా, చేను యజమానా, మిర్చి కొని పొడి చేసి ఎగుమతి చేసే కంపెనీయా అన్నది కూడా తేలాలి. నన్నడిగితే చివరివాళ్లే కొనాలి. కంపెనీ అమ్మే ప్రతి కిలో కారంలోనూ ఆ చేతుల పని ఉంది, దాని ఖర్చు కూడా ఆ ధరలోనే కలవాలి.  వెళ్లదలచుకున్న పిల్లలు కోతలు మొదలవకముందే ఆ ఊళ్లలో ఒక ముఠా మేస్త్రీతో మాట్లాడి పెట్టుకుంటే మంచిది.